ఇష్టమేనా అని అడిగినవాళ్ళు

నిన్న ఉదయం ఇద్దరు కుర్రవాళ్ళు మా వరండా మెట్లెక్కి వచ్చారు. తెల్ల చొక్కాలు, మెడకు టైలు, బూట్లకు నవాకా రోడ్డు బురద. హిందీలో నానీ, అంటే అమ్మమ్మా, అని మర్యాదగా పలకరించారు. కూర్చోమని నిమ్మరసం ఇచ్చాను. వానల గురించి, మిల్లు దగ్గర బారులు తీరిన చెరకు లారీల గురించి కాసేపు మాట్లాడారు. అసలు పని అది కాదని తెలుసు కాబట్టి నేను తొందరపడలేదు. చివరికి పొడుగు కుర్రవాడు సంచిలోంచి బొమ్మల కాగితం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు.

“నానీ, దేవుడు ఎవరినీ బలవంతం చేయడు. మీ సొంత ఇష్టంతో ఆయన్ని ఒప్పుకుంటారా?”

ఆ మాట వినగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. మా అమ్మ వీపు సరిగ్గా అలాగే అయ్యేది. ఆలోచించి చెబుతానన్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. గ్లాసులు కడిగాను. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, దాని మీద ఒక బరువు పెట్టాను.

టీచరుగా చేరిన ఏడు నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా లేదా, ఎవరొచ్చారు, ఏం వండాను, ఇంతే. నిన్నటి పేజీలో “ఇద్దరు వచ్చారు, ఇష్టమేనా అని అడిగారు” అని రాసి ఆగిపోయాను. ఆ ప్రశ్న వెనకున్న సంగతి నా డైరీలు ఎన్ని తిరగేసినా దొరకదు. అది జరిగేనాటికి నాకు అక్షరాలు రావు. అందుకని విడిగా ఇక్కడ రాసుకుంటున్నాను.

మేమప్పుడు ఇక్కడే, ఫిజీలో, చెరకు ఎస్టేటు లైన్లలో ఉండేవాళ్ళం. లైను అంటే పొడవాటి రేకుల కొట్టం. మధ్యలో చెక్క అడ్డాలు పెట్టి గదులు చేశారు. ఆ అడ్డాలు కప్పు దాకా వెళ్ళేవి కావు. పైన ఖాళీలో ఇనప వల బిగించారు. దాంతో ఒకరి పొగ అందరి కళ్ళలోకీ, ఒకరి మాట అందరి చెవుల్లోకీ పోయేది. ఒక గదిలో చింతపులుసు కాగుతుంటే పక్క గదిలో ఎండుచేప కాలుతుండేది. మిల్లు నడిచే కాలంలో అన్నిటి మీదా చెరకు పాకం మాడిన వాసన పరుచుకునేది. మాకు బియ్యం తక్కువ పడిన రోజుల్లో అమ్మ కర్రపెండలం ఉడకబెట్టి, చేమాకు పులుసు చేసి పెట్టేది. చేమాకు సరిగా ఉడకక గొంతు దురద పెడితే, “దురద పుడితే తిన్నట్టు గుర్తుంటుందిలే” అనేది.

అమ్మకు నవ్వు తక్కువ, అనుమానం ఎక్కువ. దానికి కారణం ఉంది. మా నాన్న పోయాక ఇంట్లోంచి వెళ్ళగొడితే, నన్ను చంకనెత్తుకుని పని వెతుక్కుంటూ బయల్దేరిందట. దారిలో సత్రం దగ్గర ఒకాయన కనపడి, అక్కా అని పిలిచి, ఇద్దరికీ కడుపునిండా అన్నం పెట్టించి, ఓడెక్కి పోతే పంచదార జల్లించే పనే అన్నాడట. ఓడెక్కే కూలీలను ఉంచే మద్రాసు డిపోలో దొర బల్ల అవతల కూర్చుని, ఇష్టపూర్వకంగానే వెళ్తున్నావా అని మనిషి చేత అడిగించాడు. ఇష్టమే అంది అమ్మ. వేలిముద్ర వేయించుకున్నారు. ఆ ఐదేళ్ళ ఒప్పందాన్నే ఇక్కడ అందరం గిర్మిట్ అనేవాళ్ళం. అప్పటినుంచి అమ్మ దగ్గర ఒక లెక్క ఉండేది. అక్కా అని పిలిచేవాడు, ఊరికే పెట్టేవాడు, ఇష్టమేనా అని అడిగేవాడు, ముగ్గురూ ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వస్తారు.

ఆ లెక్కకు లొంగని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయనా అమ్మను అక్కా అనే పిలిచేవాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు ఒకే కడుపున పుట్టినవాళ్ళతో సమానమని గిర్మిట్ వాళ్ళ నియమం. కులం, ఊరు ఏవైనా సరే, ఓడలో అన్నా చెల్లెలూ అయితే దిగాక కూడా అంతే. వాళ్ళ మధ్య పెళ్ళిమాట ఎత్తితే ఊరంతా ఉమ్మేసేది. ఓడలో అమ్మకు వాంతులు ఆగకపోతే తన వంతు చింతపండు తెచ్చిచ్చి, నన్ను భుజం మీద మోసింది ఆయనేనట. అలా నాకు మేనమామ అయ్యాడు. అమ్మకంటే చిన్నవాడు. బక్కగా, పొడుగ్గా, ముందు పళ్ళు కాస్త ఎత్తుగా ఉండేవాడు. నన్ను “కోడలు పిల్లా” అని పిలిచి పచ్చిమామిడికాయ విసిరేవాడు. దాన్ని బండకేసి కొట్టి, ఉప్పూ కారం అద్దుకుని లైను వెనక దాక్కుని తినేదాన్ని.

ఆదివారాలు నది అవతల ఫిజియన్ల ఊళ్ళో చర్చి దుంగ మోగేది. లాలి అంటారు దాన్ని. అది మోగిన కాసేపటికి ఉపదేశి మా లైన్లకు వచ్చేవాడు. ఈయన ఫిజియన్ కాదు, మద్రాసు వైపు నుంచి మిషన్ వాళ్ళు జీతానికి తెచ్చుకున్న తెలుగువాడు. నల్ల గొడుగు, నల్ల కోటు. కోటు దగ్గరికి వెళ్తే కలరా ఉండల వాసన. కిరసనాయిలు పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని చెప్పేవాడు. ఆయన దేవుడి కోసం ఎంతమంది వచ్చేవాళ్ళో తెలియదు కానీ, ఆయన తెలుగు కోసం అందరూ వచ్చేవాళ్ళు. మా ఊరి కరణం మాట్లాడినట్టుందని ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. ఆఖర్న పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచేవాడు. అమ్మ నా చేత అవి తిరిగి ఇప్పించేది. నేను ఒకసారి బాగా నాకి ఇచ్చేసేదాన్ని. ఆయనకు తెలుసనుకుంటాను, నేనిచ్చిన బిళ్ళను ఎప్పుడూ వేరే జేబులో వేసుకునేవాడు.

ఒక ఆదివారం ఆయన, దేవుడు తలచుకుంటే మనిషిని ఎద్దులా తోలగలడు, కానీ మనిషికి తన ఇష్టం తనకు ఇచ్చాడు, అందుకే పాపం మనిషిదే అవుతుంది అని చెప్పాడు. అమ్మ వెనక కూర్చుని పప్పులో రాళ్ళేరుతోంది.

“అయ్యా, ఇష్టం లేదన్నవాణ్ణి మీ దేవుడేం చేస్తాడు?”

ఉపదేశి నరకం గురించి కాస్త మెత్తగా చెప్పాడు.

“అయితే మా డిపో దొరే నయం. ఇష్టమేనా అని అడిగాడు కానీ, కాదంటే కాలుస్తానని ముందే బెదిరించలేదు.”

జనం నవ్వారు. ఉపదేశి కూడా నవ్వాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఇంకో వారం ఆయన ప్రాయశ్చిత్తం గురించి చెప్పాడు. అందరి పాపానికీ ఒకడు తన ప్రాణం పెట్టేశాడు, మనం చేయాల్సిందల్లా పశ్చాత్తాపపడి దాన్ని తీసుకోవడమే అన్నాడు. మా వాళ్ళకు ప్రాయశ్చిత్తం అంటే ఎవరిది వాళ్ళు చేసుకునేది. తలంటుకోవడం, పస్తుండడం, నలుగురికి అన్నం పెట్టడం. “ఆయన స్నానం చేస్తే నా తల తడుస్తుందా?” అని అమ్మ గొణిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ముందు వరసలో కూర్చున్న మామ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

తర్వాత కొద్ది వారాలకే మామ నదిలో మునిగి కిరస్తానీ అయ్యాడు. లైన్లలో అది పెద్ద ముచ్చట అయింది. మిషన్లో ఉద్యోగం ఇస్తామన్నారని ఒకరు, దొర చేత రోజూ కొలిచి ఇచ్చే పని, అదే టాస్కు, తగ్గిస్తామన్నారని ఒకరు చెప్పుకున్నారు. మారెమ్మ పండక్కి కోసిన మేక మాంసం వద్దన్నప్పుడు మాత్రం అందరికీ నిజంగా భయమేసింది. “ఏం బావా, ఊరికే వచ్చే కూర వద్దన్నావంటే, అక్కడ ఇంకెంత పెద్ద కుండ పొయ్యి మీదుందో” అని పక్క గది ముసలాయన ఎత్తిపొడిచాడు.

అమ్మ మామను గుమ్మంలో నిలబెట్టి అడిగింది, వాళ్ళు ఏమిస్తామన్నారని. ఏమీ లేదన్నాడు. పోనీ ఏమడిగారని అంది. అదీ ఏమీ లేదన్నాడు. ఊళ్ళో తన తల్లికి చెప్పకుండా ఓడెక్కేశానని, ఆ సంగతి లోపల పురుగులా తొలుస్తోందని, ఉపదేశి మాటతో మొదటిసారి నిద్ర పట్టిందని చెప్పాడు. గిర్మిట్ కొద్ది నెలల్లో తీరుతుంది, వెంటనే వెళ్ళి అమ్మ కాళ్ళు పట్టుకుంటానన్నాడు.

“ఏమీ ఇవ్వకుండా, ఏమీ అడగకుండా ఎవడన్నా ఇంత దూరం వస్తాడా రా?” అని అమ్మ తలుపు వేసేసింది.

మామిడి కాపు దిగుతున్న రోజుల్లో, చెరకులో కలుపు పనికి ఆడవాళ్ళను పంపేవాళ్ళు. కూలీల చేత పని చేయించే సర్దార్ ఒక పొడవాటి గడతో ఎవరి వరస ఎంతో కొలిచి ఇచ్చేవాడు. అతనూ గిర్మిట్ మీద వచ్చినవాడే, కానీ చేతిలో గడ పడ్డాక మనిషి మారాడు. తన మాట వినని ఆడదానికి అందరికీ దూరంగా చివరి వరస ఇచ్చేవాడు. చివరి వరస అంటే ఏమిటో లైన్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు మా పక్క గదిలోకి కొత్తగా కాపరానికి వచ్చిన పిల్లకు చివరి వరస ఇచ్చాడు.

మధ్యాహ్నం సర్దార్ తల పగిలి, చెరకులో బోర్లా పడి దొరికాడు. చావలేదు. వెనక నుంచి దెబ్బ పడింది కాబట్టి ఎవరు కొట్టారో చూడలేదు. పక్కన ఒక గుద్దలి కర్ర ముక్క విరిగి పడి ఉంది.

సాయంత్రం అమ్మ గుద్దలి ఇంటి బయట కాక లోపల పెట్టింది. దాని కర్ర సగమే ఉంది. నేను చూశానని అమ్మకు తెలుసు. పొయ్యి రాజేసింది. అడ్డం అవతల కొత్తకోడలు ఏడుస్తోంది, ఆమె మొగుడు గుసగుసగా అమ్మ పేరెత్తి దణ్ణం పెట్టుకుంటున్నాడు. పైన వల మాత్రమే ఉన్న కొట్టంలో ఆ గుసగుస ఎంతమందికి వినపడిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ కర్ర సంగతి చెప్పాలి. గుద్దలి ఇనుము ఎస్టేటుది. కర్ర మాత్రం ఎవరికి వాళ్ళు అడవి జామ కొట్టి, చేతికి సరిపడా చెక్కుకునేవాళ్ళు. వాడగా వాడగా ఆ మనిషి అరచేతి ఆకారం దానికి పడిపోయేది. ఒకరి కర్ర ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు. కట్టిన బట్ట అడిగినా ఇచ్చేవాళ్ళేమో కానీ కర్ర ఇచ్చేవాళ్ళు కాదు. విరిగిన కర్ర ఎవరిదో తేలితే మనిషి తేలినట్టే.

తెల్లవారేసరికి లోపల ఉండాల్సిన గుద్దలి లేదు. తలుపు గడియ పెట్టుకునే అలవాటు లైన్లలో ఎవరికీ లేదు. దాని చోట గోడకు ఆనించి ఇంకో గుద్దలి ఉంది. కర్ర పొడవుగా, లావుగా, మగవాడి చేతికి చెక్కినట్టుగా ఉంది. అమ్మ దాన్ని చూసి, ముట్టుకోకుండా, చాలాసేపు నిలబడింది.

పొద్దున హాజరు వేసే చోట ఎస్టేటు దొర అందరినీ వరసగా నిలబెట్టాడు. మేం దొరను కులంబర్ అనేవాళ్ళం. ఆయన ఆ ఏడే కొత్తగా వచ్చాడు, హిందీలో తిట్లు తప్ప ఇంకేం రావు. కొట్టినవాళ్ళు బయటికి రాకపోతే కలుపు గుంపు మొత్తాన్ని కోర్టుకు పంపిస్తానని గుమాస్తా చేత చెప్పించాడు. అప్పుడు మామ విరిగిన గుద్దలి పట్టుకుని ముందుకు నడిచాడు. తానే కొట్టానన్నాడు. పక్క చేలో కాలువ తవ్వుతూ కోపం ఆపుకోలేకపోయానన్నాడు.

ఆ కర్ర ఆడదాని కర్రంత సన్నంగా ఉందని అక్కడున్న వాళ్ళలో ఎవరికి తెలియదు? దొరకు తెలియకపోవచ్చు. సర్దార్‌కు తప్పక తెలుసు. కానీ ఆడది తల పగలగొట్టిందంటే రేపటినుంచి గడ పట్టుకుని ఎలా నిలబడతాడు? వాడు గుడ్డ కట్టిన తలతో అవునని ఊపాడు. ఇలా చూస్తే ఆ అబద్ధం అందరికీ పనికొచ్చింది. అమ్మ నోరు తెరిచేలోగా మామను బండి ఎక్కించేశారు.

కోర్టులో కొన్ని నెలల జైలు శిక్ష పడింది. దానికంటే పెద్ద శిక్ష ఇంకొకటి ఉంది. జైల్లో గడిపిన రోజులన్నీ గిర్మిట్‌కు చివర కలిపేవాళ్ళు.

లైన్లలో కృతజ్ఞత కంటే ఎక్కువ అనుమానమే పుట్టింది. ఊరికే ఎవడూ జైలుకు పోడు అన్నారు. ఓడ తమ్ముడని చెప్పుకున్నా అమ్మ మీద కన్నుందేమో అన్నారు. మిషన్ వాళ్ళే చేయించారు, ఇది చూసి ఇంకో పదిమంది నదిలో మునుగుతారని అన్నారు. అమ్మ మాత్రం మామ కర్రతోనే పనికి పోయింది. పొడుగాటి లావు కర్రతో రోజంతా కలుపు తీస్తే అరచేతులు బొబ్బలెక్కి చితికిపోయేవి. కాస్త చెక్కుకుంటే సరిపోతుంది కదా అని కొత్తకోడలు కత్తి పట్టుకొచ్చింది. “నాది కాదు, నేను చెక్కను” అని అమ్మ కత్తి తిప్పి పంపించింది.

తర్వాతి ఆదివారం ఉపదేశి ముఖం వెలిగిపోతూ వచ్చాడు. ఎవరి పేరూ చెప్పకుండానే, మీ మధ్యనే ఒక సోదరుడు అందరి శిక్షా తన మీద వేసుకున్నాడు, నేను మాటల్లో చెప్పింది అతను చేసి చూపించాడు అన్నాడు. అంటే మామ కొట్టలేదని ఆయనకు తెలుసన్నమాట. అమ్మ లేచి నిలబడింది.

“ఆయనది కానిది ఆయన మోస్తే, అసలు మోయాల్సినవాళ్ళు ఏం చేయాలి?”

“ఒప్పుకోవాలి తల్లీ. పశ్చాత్తాపపడాలి.”

“ఒప్పుకుంటే ఆయన్ని వదిలేస్తారా?”

ఉపదేశి గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, “అయితే పదండి. దొరకు మీ నోటితో ఇంగ్లీషులో చెప్పండి” అంది. అమ్మకు హిందీలో పని మాటలే వచ్చు. ఇలాంటి సంగతి చెప్పడానికి ఆ మాటలు చాలవు. ఉపదేశి ఈ పూట వద్దని, దేవుడికి చెప్పుకుంటే చాలని చాలా చెప్పాడు. అమ్మ కదల్లేదు. అంతమంది చూస్తుండగా ఆయన కాదనలేకపోయాడు.

దొర బంగళా మెట్లకు సున్నం వేసి ఉంది. లోపలినుంచి వేయించిన మాంసం వాసన వస్తోంది. దొర బనియను మీదే వరండాలోకి వచ్చాడు. అమ్మ చెప్పింది. చివరి వరస సంగతి, ఆ పిల్ల కేక విని పరిగెత్తిన సంగతి, కర్ర విరిగిన సంగతి, గుద్దలి మారిన సంగతి, అన్నీ. చెబుతూ బొబ్బలెక్కిన చేతులు చూపించింది. అమ్మ అంతసేపు మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఆగిపోయాక ఉపదేశి వైపు చూసింది.

ఉపదేశి ఇంగ్లీషులో చెప్పాడు. అమ్మ చెప్పిన దానిలో పావువంతు కూడా పట్టలేదు. దొర అమ్మ చేతుల వైపు చూశాడు, నా వైపు చూశాడు, రెండు ముక్కలేవో అని లోపలికి వెళ్ళిపోయాడు.

“విన్నాడు తల్లీ. కోర్టులో అయిపోయిందట, శిక్ష పడిపోయిందట. ఇక ఆ నేరానికి ఇంకో మనిషి అక్కర్లేదట. ఇంటికి పొమ్మన్నాడు.”

మెట్లు దిగాక అమ్మ ఆగింది. “చెప్పారా?”

“చెప్పాను.”

“నేను చెప్పినదంతా?”

“చెప్పాల్సినదంతా.”

అమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను లాక్కుని నడిచింది.

ఈ ముక్క దగ్గర నేను జీవితమంతా తచ్చాడాను. పెద్దయ్యాక నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, ఒక భాషలో మాట ఇంకో భాషలో ఎంత కుదించవచ్చో నాకు తెలుసు. ఉపదేశి నిజం చెప్పి ఉండవచ్చు, దొర పట్టించుకోకపోయి ఉండవచ్చు. లేదా, ఈమె తమ్ముడి కోసం ఏడుస్తోంది దొరా, అని మాత్రమే అని ఉండవచ్చు. అలా అయితే ఎందుకన్నాడు? ఒక ఆడది పసిపిల్లను వదిలి జైలుకు పోకూడదని దయ చూపాడా? లేక తన ఆదివారం కథలో ఆ సోదరుడు చెడిపోకూడదనా? దయ అయితే అది అమ్మ అడగని దయ. ఆమె ఇష్టం ఏమిటో ఆయనకు స్పష్టంగానే చెప్పింది. ఇష్టానికి అంత విలువ ఇచ్చే దేవుడి మనిషి, చేతికందిన ఒక్క ఇష్టాన్ని ఏం చేశాడు? ఇప్పటికీ ఆయన్ని నమ్మనూ లేను, తిట్టనూ లేను.

అమ్మ మాత్రం ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. ముందు వరసలో కూర్చుని ఆయన నోటి వైపే చూసేది. సత్యం గురించి చెప్పాల్సిన వారాల్లో ఆయనకు దగ్గొచ్చేది. కొన్నాళ్ళకు ఆయనే వచ్చి, పిల్లను మిషన్ బడికి పంపండి, నేను మాట్లాడతానన్నాడు. ఇది దేనికి బదులో అమ్మకు అర్థమైంది. అయినా ఒప్పుకుంది. “పో. ఇంగ్లీషు నేర్చుకో. నీకూ దొరకూ మధ్య ఇంకో నోరు అక్కర్లేకుండా చూసుకో” అంది. ఆ బడిలో పలకమీద మొదటి అక్షరం దిద్దాను. నా ఉద్యోగం, ఈ ఇల్లు, ఈ డైరీలు అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. కాబట్టి ఆ ఉపదేశి గురించి ఎవరన్నా అడిగితే నేను వెంటనే మాట్లాడను.

వానలు వెళ్ళే రోజుల్లో మా ఓడ వాళ్ళందరికీ గిర్మిట్ తీరింది. లైన్లలో డప్పులు కొట్టారు. యంగోనా వేళ్ళ మత్తుపొడి పెద్ద గిన్నెడు నీళ్ళలో కలిపి రాత్రిదాకా తాగారు. అందరూ మూటలు కట్టుకుని, కౌలు భూములు వెతుక్కుంటూ తలో దిక్కు వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం ఎస్టేటు సరిహద్దు దాటిన చోట ఒక గడ్డి గుడిసె వేసుకుని ఆగింది. ఇనుము ఎస్టేటుకు అప్పజెప్పేసి, కర్ర మాత్రం తెచ్చి తలుపు పక్కన నిలబెట్టింది. ఎందుకాగావని అడిగితే, “వాడు అడిగేదేదో ఇక్కడే అడిగించుకుని పోతాను” అనేది.

చెరకు కోతలు మొదలయ్యాక మామ జైలునుంచి వచ్చాడు. ఇంకా బక్కచిక్కి, తల గొరిగి ఉంది. గిర్మిట్‌కు చివర కలిపిన రోజులు తీర్చుకోవడానికి మళ్ళీ లైన్లలోకే వెళ్ళాడు. సాయంత్రాలు మా గుడిసె ముందు నుంచి పోయేవాడు. అమ్మ అన్నం పెట్టేది, తినేవాడు. అన్నం తింటున్నంతసేపూ అమ్మ ఎదురుగా కూర్చుని చూసేది. నేనైతే పాఠం చదివి వినిపించి మెప్పు సంపాదించేదాన్ని.

ఒకరోజు అమ్మ ఉండబట్టలేక అడిగేసింది. “ఏం కావాలిరా నీకు?”

“ఏమీ వద్దక్కా.”

“నన్నడిగావా చేసేముందు?”

“అడిగితే వద్దనేదానివి.”

“అననా మరి? అది నాది. నా చెయ్యి చేసింది. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను. నువ్వెవడివి దాన్ని తీసుకోవడానికి?”

మామ అన్నం కలుపుతూ, “తమ్ముణ్ణి” అన్నాడు. అంతే. అమ్మ లేచి అవతలికి వెళ్ళిపోయింది.

ఆ నెలల్లోనే కొత్త ఓడలో మామ ఊరి మనిషి ఒకడు వచ్చాడు. మామ తల్లి పోయిందని చెప్పాడు. గిర్మిట్ అనుకున్న వేళకు తీరి ఉంటే మామ ఆమెను చూసేవాడా? లెక్క వేయడానికి అమ్మ ప్రయత్నించింది. ఓడ ఎప్పుడు దొరికేది, ఎన్నాళ్ళు పట్టేది అని ఆయన్నే అడిగింది. వద్దులే అక్కా అన్నాడాయన. ఆ రాత్రి అమ్మ వండలేదు, మర్నాడు కూడా తినలేదు. తలంటుకుని తడిబట్టలతో కర్ర ఎదురుగా కూర్చుంది. పస్తు ఎవరికోసమని నేనడగలేదు.

మళ్ళీ మామిడికాయలు వచ్చే వేళకు మామ రోజులు తీరాయి. ఊరికి వెళ్ళే పని ఇక లేదు. సముద్రం దాటి అవతలి దీవికి, వాయిలేవు వెళ్తానని, అక్కడ పొలం కౌలుకిస్తున్నారని చెప్పడానికి మూటతో వచ్చాడు. నాకు ఒక పచ్చిమామిడికాయ విసిరాడు. తర్వాత తలుపు వైపు తిరిగాడు.

“అక్కా, నాకొకటి కావాలి.”

అమ్మ వీపు నిటారుగా అయింది. “చెప్పు.”

“నా కర్ర ఇచ్చెయ్యి.”

అమ్మ కదల్లేదు. ఇంకా ఏదో వస్తుందని చూస్తోంది. ఆయనే వంగి కర్ర అందుకుని, పట్టు దగ్గర బొటనవేలితో రాసి చూశాడు. “చెక్కుకోలేదేం? చేతులు పాడయి ఉంటాయే.”

“నాది కాదుగా.”

“సరే” అని కర్రకు మూట తగిలించి భుజాన వేసుకున్నాడు.

“ఇంతేనా?” అంది అమ్మ.

“ఇంతే” అని నవ్వాడు, ఎత్తుపళ్ళు కనపడేలా. చెరకు మోసే ట్రాం పట్టాల వెంబడి నడిచి వెళ్ళిపోయాడు. మలుపులో వెనక్కి తిరుగుతాడని అమ్మ గుడిసె ముందు నిలబడే ఉంది. నేను కాయ తినేసి టెంక పారేసి వచ్చేదాకా అలాగే ఉంది. ఆయన తిరగలేదు. మేము ఆయన్ని మళ్ళీ చూడలేదు.

తర్వాత అమ్మ చాలా ఏళ్ళు బతికింది. నేను టీచరయ్యాను, ఈ నవాకాలో ఇల్లు కట్టాను. అమ్మ గుళ్ళో దీపం పెట్టేది, ఉపదేశి దేవుణ్ణి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఇల్లు మారిన ప్రతిసారీ తలుపు పక్కన గోడకు ఏదీ ఆనించనిచ్చేది కాదు. గొడుగు పెట్టినా తీసేసేది. ఎవరన్నా దారిలో పొడుగ్గా కనపడితే పని ఆపి చూసేది. ఆఖరి రోజుల్లో, మంచంమీద ఉండి, వచ్చాడా అని అడిగింది. ఎవరమ్మా అన్నాను.

“వాడే. ఇంకా అడగాల్సింది ఉందిగా.”

“అడిగేశాడమ్మా. కర్ర తీసుకుపోయాడు కదా.”

“కర్రకోసం ఎవడన్నా అంత చేస్తాడా? వస్తాడు చూడు” అని కళ్ళు మూసుకుంది.

బల్ల మీది కాగితాన్ని ఈ సాయంత్రం మళ్ళీ చదివాను. ఇష్టం, పశ్చాత్తాపం, మరొకరు చెల్లించిన శిక్ష, అవే మాటలు. చివర్లో ఆయన తిరిగి వస్తాడని, నమ్మినవాళ్ళు ఎదురుచూస్తారని ఉంది. ఆ నమ్మకం ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక మనిషి తిరిగి వస్తాడని అన్నేళ్ళు తలుపు పక్కన చోటు ఖాళీగా ఉంచిన మనిషిని మాత్రం ఒక్కామెనే, మా అమ్మనే చూశాను. ఆమె ఎదురుచూసింది నమ్మకంతో కాదు, అనుమానంతో.

ఆదివారం ఆ కుర్రవాళ్ళు వస్తే కుర్చీలు వేస్తాను, నిమ్మరసం ఇస్తాను. గొడుగులుంటే లోపల పెట్టుకోమంటాను. తలుపు పక్కన గోడకు ఆనించవద్దని చెప్పాలి.